ఐదేళ్లు నిండని కొలువు

11 ఏప్రిల్ 2006

డాక్టరు చుక్కల మందు ఇచ్చిండు. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. మర్చిపోతవు, ఎక్కడన్న రాసిపెట్టుకో అన్నడు. అందుకే ఈ డైరీ తీసిన. యూనియనోళ్లు జనవరిల ఇచ్చిండ్రు, గింతవరకు ఒక్క పేజీ ముట్టలే. మిల్లుల లాకర్లనే పెడుత. ఇంట్ల పెడితే నా పెండ్లాం సరళ చూస్తది, చూస్తే అడుగుతది.

పెద్ద రోగమేం కాదు. కంటిల ప్రెషరు. భద్రాచలంల నవమి జనమంత పోయినంక దవాఖానాకు పోయిన. తలనొప్పికి అని పోతే కండ్లు చూసిండు.

వచ్చేటప్పుడు పర్సనల్ ఆఫీసుల వెంకటరామారావు సార్‌ను ఒక మాట అడిగిన. మధ్యల కొలువు ఇడిసిపెడితే పీఎఫ్ పైసలు మొత్తం ఇస్తరా అని. మా తమ్ముని కోసం అడుగుతున్న అని చెప్పిన. ఐదేళ్లు నిండితే మొత్తం వస్తాయయ్యా, నిండకుండా మానేస్తే టాక్సు కోస్తారు అన్నడు.

నాకు అక్టోబర్ 31కి ఐదేండ్లు నిండుతయి. ఊర్కెనే లెక్కేసిన.

12 ఏప్రిల్

రెండుసార్లు వేసిన.

13 ఏప్రిల్

వేసిన. మండుతుంది.

20 ఏప్రిల్

మళ్లా పోయిన. ఒక డబ్బాల తల పెట్టమన్నడు. లోపల చుక్కల్లెక్క లైట్లు వెలుగుతయి, కనబడ్డప్పుడల్ల బటన్ నొక్కాలె. నాకు అన్నీ కనబడ్డయి. మరి కాగితం వచ్చినంక చూస్తే ఎడమ దిక్కంత నల్లగ ఉంది. నొక్కుడు ఆలస్యమైందేమో.

"ఏం పని చేస్తవ్?" అన్నడు డాక్టరు.

"మిల్లుల పని సార్."

"మిల్లుల ఏం పని?"

"స్టోర్ల."

ఎందుకట్ల చెప్పిన్నో. క్రేను అంటే లేనిపోని భయం పెట్టుకుంటరు. క్రేను నడుపుడు అందరు అనుకున్నట్టు కాదు. నేను పైన క్యాబిన్ల కూసుంట. కింద దూలన్న చెయ్యి ఊపుతడు. ఎత్తు అంటే ఎత్తుత, ఆపు అంటే ఆపుత. కాగితం రీలు మూడు టన్నులుంటది, అయినా చెయ్యి ఎటు తిప్పితే అటు పసిపిల్ల లెక్క వస్తది. ముందటికి చూస్తే చాలు. ముందట నాకు శుభ్రంగ కనబడుతది.

పోయిన నరం మళ్ల రాదు, ఉన్నది కాపాడుకోవాలె అన్నడు. అందరికి అట్లనే చెప్తరు.

9 మే

కవిత పలక తొక్కిన. రెండు ముక్కలైంది. బిడ్డ నా ఎడమ పక్కనే కూసోని రాసుకుంటుందట.

"ఎటు చూసుకుంట నడుస్తున్నవ్?" అన్నది సరళ.

"సీ షిఫ్టు చేసొచ్చిన. నిద్ర లేదు."

నిజంగనే నిద్ర లేదు.

15 మే

ఒక ఆలోచన వచ్చింది. పీఎఫ్ మొత్తం వస్తే లక్షన్నర దగ్గరికి ఉంటది. ఆటో తీసుకుంట. సారపాక నుంచి భద్రాచలం, బ్రిడ్జి మీద అటు ఇటు. దినమంత ఎండల ఉండొచ్చు, కండ్లకు వెలుతురు మంచిదే. సరళ అన్న వీరన్నకు చెప్పిన. కొత్తగూడెంల సెకండ్ హ్యాండు బండి ఉందన్నడు. ఆటో నడిపే బ్యాడ్జీకి కంటి పరీక్ష కాగితం కావాలె కదా అన్న. అది నేను చూసుకుంట బావా, ఐదు వందలు పడేస్తే వస్తది అన్నడు.

అక్టోబర్ దాకనే. ఐదు నెలలు. మనిషి ఐదు నెలలు పట్టుకోలేడా?

28 మే

పాల్వంచ పోయొచ్చిన. పర్మినెంట్ కాకముందు వెదురు యార్డుల కాంట్రాక్టు కింద రెండేండ్లు చేసిన కదా. ముందు చేసిన చోటి పీఎఫ్ ఇందులకు మార్పించుకుంటే ఆ ఏండ్లు కూడా కలుస్తాయి, ఐదు దాటిపోతుంది మీ తమ్ముడికి అని వెంకటరామారావు సారే చెప్పిండు. అప్పుడు మా కూలిల నెలనెలా పీఎఫ్ అని కోసేటోళ్లు.

కాంట్రాక్టరు పడక్కుర్చీల కూసోని పేపరు చదువుతుండు. నన్ను గుర్తుపట్టలే.

"నా పీఎఫ్ నంబరు కావాలె సార్."

"ఏ నంబరు?"

"యార్డుల ఉన్నప్పుడు కోసినయి కదా."

"కోసినం. ఎవరెవరికి కట్టినమో ఇప్పుడు ఏం గుర్తుంటదిరా? రెండు వందల మంది మీరు." మళ్ల పేపరు ఎత్తుకుండు. నేను ఇంకా నిలబడే ఉన్న అని చూసి, "చాయ్ తాగి పో" అన్నడు.

తాగకుండనే వచ్చిన. బస్సుల సీటు దొరకలే.

3 జూన్

వేసిన.

17 జూన్

రెండు రోజులు మర్చిపోయిన. ఏం తేడా తెలవలే.

4 జూలై

ఇయ్యాల జరిగింది రాయాలె.

ఏ షిఫ్టు. పదకొండు గంటలకు రీలు ఎత్తుకొని గోదాము దిక్కు వస్తున్న. దూలన్న ముందట కుడిదిక్కున ఉన్నడు, రమ్మని చెయ్యి ఊపుతుండు. దారి ఖాళీగ ఉంది. నాకైతే ఖాళీగనే ఉంది. ఉన్నట్టుండి దూలన్న రెండు చేతులు ఎత్తి ఉరికిండు. ఎందుకు ఉరుకుతుండో సమజ్ కాలే. బ్రేకు వేసిన గని రీలు ఊగింది.

సోమ్లా. ఊడ్చే ముసలాయన. ఎడమ దిక్కు నుంచి చీపురు పట్టుకొని వచ్చిండట. దూలన్న అంగీ పట్టి గుంజకుంటే తల మీదనే తగిలేది. భుజం చీరుకుపోయింది. ఏడు కుట్లు పడ్డయి.

ఇంజనీరు ఉరికొచ్చిండు. అందరు గుమిగూడిండ్రు. నేను నిచ్చెన దిగి వచ్చేసరికి దూలన్న చెప్తుండు: "నేనే సార్. సిగ్నల్ తప్పు ఇచ్చిన. సోమ్లాను చూడలే."

నా దిక్కు చూడలే దూలన్న. నేనేం అనలే. అందరి ముందట ఏమంట? అడిగితే చెప్దును. ఎవరూ నన్ను అడగలే.

5 జూలై

దూలన్నకు మెమో ఇచ్చిండ్రు. మూడు రోజులు సస్పెన్షన్, జీతం కట్.

6 జూలై

ఇద్దరికి శిక్ష పడి ఏం లాభం. ఒక్కనితోనే పోయింది.

7 జూలై

సోమ్లా దగ్గరికి పోదామనుకున్న. పోలే.

19 జూలై

దూలన్న పనికొచ్చి పది రోజులైంది. నాతోని ఎప్పటి తీరే మాట్లాడుతుండు. తిడితే మంచిగుండు. నేనే క్యాంటీన్ల వేరే బల్ల మీద కూసుంటున్న.

ఇంకా నూట నాలుగు రోజులు.

7 ఆగస్టు

గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటి ఎంతో పైకొచ్చింది. ఊరి కింది వాడలన్ని మునిగినయి. దూలన్న ఇల్లు కూడా. పొద్దున్నే పోయి ఆయన పెండ్లాం చాందితో కలిసి బియ్యం మూట, ట్రంకు పెట్టె, మేకపిల్లలు బడికి చేరేసినం. నీళ్లల్ల నేను రెండుసార్లు పడ్డ. రెండుసార్లు ఎడమ పక్కన ఉన్న రాయి తగిలింది.

బడి వరండాల కూసున్నం. గవర్నమెంటోళ్లు పులిహోర పొట్లాలు ఇచ్చిండ్రు. దూలన్న తింటనే అన్నడు, "తమ్మీ, నీ చూపు ఇంకెంత ఉంది?"

నేను ఇంకో ముద్ద నోట్ల పెట్టుకున్న.

"ఏం చూపు అన్నా?"

"శివరాత్రి నుంచి చూస్తున్న. నేను ఎడమకు నిలబడితే నీకు కనబడ్త లేను. అందుకే కుడికి మారిన. ముందటికి, కుడికి. నువ్వు చూసే సందుల నిలబడుకుంట వచ్చిన."

ఐదు నెలలు. నేను పైన కూసోని నా పని నేనే బాగ చేస్తున్న అనుకున్న.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన." పొట్లం మడిచి పక్కన పెట్టిండు. "పిల్లలున్నోనివి. కొలువు పోతదని భయం ఉంటది. నాకు లేదా? గని సోమ్లా సంగతి అయినంక నిద్ర పడత లేదు. నేను నీ కొలువు కాపాడుతున్న అనుకున్న. ఆయన ప్రాణం పోయేటిది. మెమో నాకు రావాల్సిందే, అందుకే తీసుకున్న."

"అక్టోబర్ దాక అన్నా. అక్టోబర్ దాటితే టాక్సు పడదు."

దూలన్న నా మొఖం దిక్కు చూసిండు. కోపం లేదు. అది ఉంటే బాగుండు.

"రేపటి నుంచి నేను నీ క్రేను కింద నిలబడ" అన్నడు. "వేరేటోన్ని పెట్టుకో. వచ్చేటోనికి మాత్రం ముందే చెప్పు."

8 ఆగస్టు

మిల్లుకు పోయి లీవు రాసిచ్చిన. ఎవరిని పెట్టుకోవాలె.

14 ఆగస్టు

వారం నుంచి లీవు. ఉన్న లీవులు అయిపోయినయి. ఇయ్యాల వెంకటరామారావు సార్ దగ్గరికి పోయిన. కొలువు ఇడిసిపెడుత అన్న. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుండు.

"తమ్ముడు కాదన్నమాట."

"కాదు సార్."

"నాకు ఏప్రిల్లోనే అనుమానం. ఏమయ్యా, ఇంకో పదకొండు వారాలు ఆగలేవా? ఇప్పుడు నీ అంతట నువ్వు మానేస్తే కంపెనీ వేసిన వాటా, దాని మీద వడ్డీ నీ ఆదాయం కిందకు వచ్చేస్తాయి. ఇన్నేళ్లూ నీ వాటాకు ఇచ్చిన టాక్సు మినహాయింపు కూడా వెనక్కి తీసుకుంటారు. పీఎఫ్ చూసే ట్రస్టు వాళ్లు కోసే నీ చేతికిస్తారు. పదహారు, పదిహేడు వేలు పోతాయి."

"పోతే పోనియ్యి సార్."

"కారణం ఏం రాయను?"

"సొంత కారణాలు అని రాయండి."

ఆయన రాయలే. పెన్ను పట్టుకొని కూసున్నడు.

"చూడు రామ్‌చందర్. ఐదేళ్ల రూలు అందరికీ కాదు. జబ్బు చేసి పని పోయినా, కంపెనీ మూసేసినా, మనిషి చేతిలో లేని కారణమైతే ఐదేళ్లు చూడరు. పైసా కోయరు. నీకు ఒంట్లో ఏమైనా బాగాలేదా? ఉంటే రాజీనామా ఇవ్వకు. ఆరోగ్యం సరిలేదు, పని నుంచి తప్పించండి అని రాసి డాక్టరు కాగితం పెట్టు."

"ఏం లేదు సార్. బాగనే ఉన్న."

"బాగుంటే పదహారు వేలు కట్టాలి. బాగోకపోతే కట్టక్కర్లేదు" అని ఫారం నా దిక్కు జరిపిండు. "ఇంటికి తీసుకెళ్లు. ఆ ఒక్క గడి నువ్వే నింపుకొని రా."

లాకరు ఖాళీ చేసిన. డైరీ సంచిల వేసుకున్న.

16 ఆగస్టు

ఫారం ట్రంకు పెట్టెల ఉంది.

జబ్బు అని రాస్తే డాక్టరు కాగితం కావాలె. ఆ కాగితం ఒకసారి పుట్టినంక వీరన్న ఐదు వందలకు తెచ్చే కాగితం ఏమైతది? ఆటో ఏమైతది? పదహారు వేలంటే పోతయి. రోజుకు రెండు వందలు మిగిలితే మూడు నెలల్ల సంపాదిస్త.

17 ఆగస్టు

సరళకు చెప్పిన. అంటే, కొలువు ఇడిసిపెడుతున్న, ఆటో తీసుకుంటున్న అని చెప్పిన. రొట్టెలు చేస్తుంది. జొన్నపిండి చేతులతోనే ఇటు తిరిగింది.

"ఆటోనా? నువ్వా?"

"మీ అన్న చూసిండు బండి."

"నేను ఎడమ పక్కన కూసుంటే నీకు కనబడ్త లేను. కూరగిన్నె ఎడమ దిక్కు పెడితే వట్టి రొట్టె తిని లేస్తున్నవ్. నాకు తెల్వదా? నువ్వే చెప్తవని ఊకున్న."

"చిన్న ప్రెషరు. చుక్కలు వేస్తున్న."

ఆమె పెనం మీద రొట్టె తిప్పింది. మెల్లగ అడిగింది.

"ఒక్క మాట చెప్పు. ఆ ఆటోల కవితను కూసోబెట్టుకొని బ్రిడ్జి మీద పోతవా?"

పోత అందామని నోరు తెరిచిన. చెంబు ఎత్తి నీళ్లు తాగిన. ఆమె మళ్ల అడగలే. రొట్టె మాడింది, అది కూడా తీయలే.

18 ఆగస్టు

ఆమె అడిగినదానికి జవాబు రాద్దామని కూసున్న. ఎవరూ చదివేది కాదు కదా, ఇక్కడన్న పోత అని రాయొచ్చు.

పోను.

వేరేటోళ్ల పిల్లలనైతే ఎక్కించుకుందును. ఆ మాట ఇప్పుడు రాసినంకనే నాకు తెలిసింది.

21 ఆగస్టు

డాక్టరు దగ్గరికి పోయిన. సరళ వచ్చింది. క్రేను ఆపరేటర్‌ను అని చెప్పిన. డాక్టరు నన్ను తిట్టిన తిట్టు రాయను. తిట్టినంక కాగితం రాసిచ్చిండు. కండ్లు రెండూ, ఎడమది ఎక్కువ, యంత్రాల మీద పనికి, బండ్లు నడుపుటకు పనికిరాడు.

"ఇంట్ల ఇంకెవరికన్న ఉందా?"

"లేదు సార్" అన్న.

సరళ నా దిక్కు చూసి, "మామకు కండ్లు కనబడవు" అన్నది.

"అది వయసుకు వచ్చింది" అన్న.

"ఏ వయసుల?" అన్నడు డాక్టరు.

లెక్కేసుకున్న. బాపు కండ్లు పూర్తిగ పోయేనాటికి నేను ఏడో తరగతి. బాపుకు నలభై రెండు కూడా లేవు. తండాల అందరం వయసు అన్నం. నేను కూడా అన్న.

"ఇది రక్తంల వస్తది. అన్నదమ్ములుంటే వెంటనే చూపించు" అన్నడు. "నొప్పి ఉండదు, తెల్వదు. తెలిసేసరికి సగం పోయి ఉంటది."

మా తమ్ముడు బాలకృష్ణ కొత్తగూడెంల లారీ మీద క్లీనరు. ఇరవై ఆరేండ్లు. వచ్చే ఏడు హెవీ లైసెన్సు తీస్తడట.

23 ఆగస్టు

ఫారం ఇచ్చిన. ఆ గడిల నేనే రాసిన: అనారోగ్యం, చూపు తగ్గింది. ఐదు నిమిషాలు పట్టింది మూడు మాటలకు. సార్ ముందే ఇంజనీరును అడిగిండట, కింద ఏదన్న పని ఇయ్యొచ్చా అని. కింద అంతట ఫోర్కులిఫ్టులు తిరుగుతయి, సైడు చూపు లేకపోతే అక్కడ ఇంకా ప్రమాదం అన్నడట. అది అబద్ధం కాదు.

ఇంకొక కాగితం కూడా ఇచ్చిన. జూలై 4న తప్పు నాది, సిగ్నల్ సరిగ్గనే ఉంది, నాకు సోమ్లా కనబడలే, దూలయ్య మెమో తీసెయ్యాలె అని.

సార్ చదివి తల ఎత్తిండు. "ఇది పీఎఫ్‌కు అవసరం లేదయ్యా."

"అవ్ సార్. పీఎఫ్‌కు కాదు."

"దీని మీద ఎంక్వైరీ వేయొచ్చు. నీ సొమ్ము ఆలస్యం కావచ్చు."

"కానియ్యండి."

ఆయన ముద్ర కొట్టిండు. చివరికి పింఛను ఫండు కాగితం తీసిండు. ఆ భాగం నగదు తీసుకుంటావా, సర్టిఫికెట్టు తీసుకుంటావా, సర్టిఫికెట్టు అయితే రేపు ఎక్కడైనా చేరితే ఈ ఏళ్లు అక్కడ కలుస్తాయి అన్నడు. నన్ను ఎవరు చేర్చుకుంటరు సార్ అన్న. చూపుతో చేసే పనులే ఉంటాయా లోకంలో అన్నడు ఆయన. సర్టిఫికెట్టే రాయించిన. ఎందుకో తెల్వదు.

అక్కడి నుంచి సోమ్లా ఇంటికి పోయిన. చెప్పిన. ఆయన భుజం గోక్కుంట విన్నడు. "నాకు కనబడ్డవు కద నువ్వు" అన్నడు. "రీలు వస్తుందని నేను చూసిన. ఆగుతవనుకున్న." అంతే అన్నడు.

30 ఆగస్టు

తమ్మునికి ఫోన్ చేసిన. నాకేం కాలే అన్నా, రాత్రిపూట కూడా బోర్డులు చదువుత అన్నడు. పెట్టేసిండు.

11 సెప్టెంబర్

మళ్లా చేసిన. ఎత్తలే.

12 సెప్టెంబర్

ఎత్తలే.

20 సెప్టెంబర్

దూలన్న ఇంటికొచ్చిండు. ఎంక్వైరీ అయిపోయిందట. మెమో తీసేసిండ్రు, మూడు రోజుల జీతం ఇచ్చిండ్రు. పూర్తిగ మాఫీ కాదు, తెలిసి చెప్పనందుకు ఇంజనీరు నోటితోని గట్టిగ తిట్టిండట. నిజమే కదా తమ్మీ అన్నడు. నా ఎడమ పక్కన కూసోబోయి, లేచి కుడికొచ్చి కూసున్నడు. ఇద్దరం నవ్వినం. నవ్వి ఎన్నాళ్లైందో.

26 అక్టోబర్

పీఎఫ్ వచ్చింది. కోత లేదు. సరళ రెండుసార్లు చదివింది కాగితం. నేను సంతోషపడుతనని చూసింది. పడ్డ. గని కాగితం మీద నన్ను నేను చూసుకున్నట్టు అయింది. ఇది పనికిరాని మనిషికి ఇచ్చే లెక్క. బాగున్నోనికైతే కోసి ఇస్తరు.

సరళ ఆ పైసలల్లకెళ్లి రెండు వేలు తీసి పక్కన పెట్టింది. "దేనికి?" అన్న. "నీ తమ్మున్ని పట్టుకొస్త" అన్నది.

8 నవంబర్

పట్టుకొచ్చింది. ఎట్ల తెచ్చిందో చెప్పలే. లారీ ఆఫీసు ముందట కూసున్నదట, పొద్దటి నుంచి. వదినె అట్ల కూసుంటే ఇజ్జత్ పోయిందని బాలకృష్ణ మొఖం ముడుచుకొని ఉన్నడు.

9 నవంబర్

ఖమ్మం పోయినం, పెద్ద కండ్ల దవాఖానాకు. తమ్ముడు డబ్బాల తల పెట్టిండు. నేను బయట బెంచీ మీద. లోపల బటన్ టక్కుటక్కు అని వినబడుతుంది. మధ్యల ఆగితే నేను లేచి నిలబడుతున్న.

ప్రెషరు ఉంది. నరం ఇంకా పాడుకాలే. చుక్కలు తప్పకుండ వేసుకుంటే చూపు ఉంటది, బండి కూడా నడపొచ్చు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలె అన్నది డాక్టరమ్మ. ఒక్క ఏడు, రెండేండ్లు ఆలస్యమైతే చెప్పలేకపోదును అన్నది.

బస్సుల తమ్ముడు కిటికీ దిక్కు తిరిగి కూసున్నడు. ఇల్లెందు దాటినంక అన్నడు, "ఫోన్ ఎత్తనందుకు ఏమనుకోకు అన్నా."

10 నవంబర్

తండాకు పోయినం ఇద్దరం. యాడి, అంటే మా అమ్మ, చెప్పనియ్యకనే ఏడుపు మొదలుపెట్టింది. మా అమ్మ పూలి ఏడిస్తే పక్క ఇండ్లోళ్లు కూడా వస్తరు. వచ్చిండ్రు. అందరికీ చెప్పిన, దాచలే. కండ్ల ప్రెషరు, రక్తంల వస్తది, మా బాపుకు వచ్చింది అదే, నాకొచ్చింది, తమ్మునిది ఆగింది. హేమ్లి పెద్దమ్మ తన కొడుకుల పేర్లు కూడా రాసుకోమన్నది, దవాఖానాకు తీసుకపొమ్మని.

బాపు మంచం మీద కూసోని అంత విన్నడు. మా బాపు లాలు అంటే ఒకప్పుడు ఈ అడవిల బొంగు నరికేటోళ్లకు మేస్త్రి. ఇరవై రెండేండ్లుగ ఆ మంచమే. జనం పోయినంక మా భాషల అడిగిండు.

"చిన్నోనికి చూపు ఉంటదా?"

"ఉంటది బాపు."

"నీకు?"

"ఉన్నంత ఉంటది. చుక్కలతోని కొన్నేండ్లు."

బాపు చెయ్యితోని మంచం తడిమి చూసి, పక్కకు జరిగిండు.

"ఇట్ల కూసో. కొత్తల భయమైతది. నాకు ఎవరూ చెప్పేటోళ్లు లేకుండె. నేను చెప్త."

కూసున్న. కండ్లు మూసుకో అన్నడు. మూసుకున్న. నీ చుట్టు ఏమేం ఉన్నయో ఒక్కొక్కటి చెప్పు అన్నడు.